షుగర్ కాలి పుండు, ప్లేట్‌లెట్ల గ్రోత్ ఫ్యాక్టర్లు: 22 వారాల ల్యాబ్ డైరీ

ఇదే పని మళ్లీ చేయబోయేవాళ్ల కోసం రాస్తున్నాను. మా ల్యాబ్ హైదరాబాద్ తార్నాకలో. ప్రశ్న ఒక్కటే: షుగర్ ఎక్కువున్న ద్రవంలో పెరిగిన చర్మ కణాలు గాయం పూడ్చడంలో ఎంత వెనకబడతాయి, ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణాలు) నుంచి తీసిన గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల్ని పెరగమని చెప్పే ప్రొటీన్లు) ఇస్తే ఆ వెనకబాటు ఎంత తగ్గుతుంది?

షుగర్ ఉన్నవాళ్లకి కాలి పుండు ఒక్కరోజులో పడదు. మడమ పగులు, కొత్త చెప్పు కరిచిన చోటు, గోళ్లు తీసుకుంటుంటే పడ్డ గాటు, అక్కడ మొదలవుతుంది. స్పర్శ తగ్గిన కాలికి నొప్పి తెలియదు, రక్తం సరిగా అందదు. నాలుగు రోజుల్లో మూసుకోవాల్సిన పగులు నాలుగు వారాలైనా తెరుచుకునే ఉంటుంది. మా మేనమామ ఎడమ కాలి బొటనవేలు అలాగే పోయింది. పుండు పడ్డాక మాన్పడం మీద చాలామంది పని చేస్తున్నారు. ఆ నాలుగు వారాల్ని తగ్గించి అసలు పుండు దాకా పోనివ్వకుండా చూడగలమా అన్నది నా పట్టుదల.

ముందే ఒక మాట. రక్తం ఇచ్చినవాళ్లంతా రాతపూర్వకంగా ఒప్పుకున్న వాలంటీర్లు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. ఇది గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో పెంచిన కణాల మీద చేసిన పని. దయచేసి ఎవరూ దీన్ని మనిషి కాలి మీద ప్రయత్నించకండి.

దశ 1: రక్తం తేవడం (వారం 1–3)

ఏప్రిల్ మూడో వారం, బయట 41 డిగ్రీలు. రక్తం తీసేది కోఠిలో, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి కణాల్ని విడదీసేది తార్నాకలో. బైక్ మీద అరగంట, సిగ్నళ్ల దగ్గర ఆగితే ముప్పావుగంట. ఎండకి పాడవుతుందని ట్యూబుల్ని ఐసు డబ్బాలో పెట్టి తెప్పించాను. మొదటి మూడు నమూనాలు అలాగే పోయాయి.

మైక్రోస్కోప్ కింద ప్లేట్‌లెట్లు విడివిడిగా చుక్కల్లా కనిపించాలి. మాకు కనిపించినవి ద్రాక్షగుత్తులు. ప్లేట్‌లెట్‌కి చలి తగిలితే గుండ్రటి ఆకారం పోయి ముళ్లు లేస్తాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్ల సంచుల్ని ఫ్రిజ్‌లో పెట్టరు. 20–24 డిగ్రీల మధ్య, నెమ్మదిగా ఊగే పళ్లెం మీద ఉంచుతారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఎండని చూసి భయపడి తెలిసిందే మర్చిపోయాను.

నాలుగో నమూనా ఐసు లేకుండా వచ్చింది. డబ్బా లోపల థర్మామీటర్ 33 చూపించింది. అదీ పారేశాం. ఐదో దానికి మార్చింది ఇది:

1. లీటరు నీళ్ల సీసాలు రెండింటిని ముందు రోజు రాత్రే 22 డిగ్రీల ఏసీ గదిలో పెట్టాలి.
2. థర్మోకోల్ డబ్బాలో ఆ సీసాల మధ్య ట్యూబుల్ని నిలబెట్టాలి. ఖాళీల్లో దూది కుక్కాలి, లేకపోతే గతుకులకి ట్యూబులు కొట్టుకుంటాయి.
3. 9 భాగాల రక్తానికి 1 భాగం 3.2 శాతం సోడియం సిట్రేట్. తీయగానే ట్యూబుని నాలుగైదు సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు.
4. తీసిన గంటన్నరలోపు సెంట్రిఫ్యూజ్‌లో పడాలి.

41 డిగ్రీల ఎండలో 40 నిమిషాలు తిరిగొచ్చాక లోపల 24.5 ఉంది. చాలు.

ఇప్పటిదాకా: నమూనాలు 5, పనికొచ్చింది 1, ప్లేట్లు 0.

దశ 2: ఆర్‌పీఎం రాసిన ప్రోటోకాల్‌ని నమ్మొద్దు (వారం 3–5)

మా చేతిలో ఉన్న పద్ధతిలో "మొదట 1,000 ఆర్‌పీఎం, తర్వాత 3,000 ఆర్‌పీఎం, చెరి 10 నిమిషాలు" అని ఉంది. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్క. అలాగే తిప్పాం. మొదటి తిప్పుడు తర్వాత పైన పసుపు ప్లాస్మా లోతుగా తేలాలి. మాకు ఒక వేలెడు కూడా రాలేదు, వచ్చిందీ ఎర్రగా మసగ్గా ఉంది.

లెక్క ఇలా. వాలంటీరు రక్తంలో మైక్రోలీటరుకి 2.4 లక్షల ప్లేట్‌లెట్లు. 18 మి.లీ. రక్తంలో మొత్తం 432 కోట్లు. చివరికి 2 మి.లీ.లో మాకు దొరికింది మైక్రోలీటరుకి 4.2 లక్షలు, అంటే 84 కోట్లు. నూటికి 19. మిగతావి ఎటు పోయాయి? రెండో తిప్పుడు తర్వాత వంపేసిన ప్లాస్మాని మా టెక్నీషియన్ అన్న పారబోయకుండా ఉంచాడు. "అది కూడా లెక్కపెడదాం మేడమ్" అన్నాడు. 8 మి.లీ.లో మైక్రోలీటరుకి 1.4 లక్షలు. మరో 112 కోట్లు అందులోనే ఉన్నాయి! మిగిలినవి ఎర్ర కణాల మధ్య చిక్కుకున్నాయి.

తప్పు యంత్రానిది కాదు. కణాల్ని కిందికి దించేది ఆర్‌పీఎం కాదు, జీ, అంటే భూమి ఆకర్షణకి ఎన్ని రెట్ల బలం అన్న లెక్క. అది రోటర్ (ట్యూబుల్ని పట్టుకుని తిరిగే భాగం) సైజుని బట్టి మారుతుంది:

జీ = 0.00001118 × వ్యాసార్థం (సెం.మీ.లో) × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం

ఇరుసు మధ్య నుంచి అడ్డంగా లేచిన ట్యూబు అడుగు దాకా స్కేలుతో కొలిచాం: 9 సెం.మీ. ఆ ప్రోటోకాల్ రాసినవాళ్ల రోటర్ 16 సెం.మీ. వాళ్ల 1,000 ఆర్‌పీఎం అంటే 179 జీ. మా 1,000 అంటే 101 జీ మాత్రమే. వాళ్ల 3,000 అంటే 1,610 జీ, మాది 906.

మార్చాక:

1. మొదటి తిప్పుడు 200 జీ, మా రోటర్‌లో 1,410 ఆర్‌పీఎం, 10 నిమిషాలు. బ్రేక్ ఆపేయాలి. బ్రేక్ పడితే పొరలు కలిసిపోతాయి.
2. పై ప్లాస్మాని మెల్లగా పీల్చాలి. ఎర్ర పొర మీద పాల మీగడలా సన్నటి తెల్ల పొర ఉంటుంది. దానికి 3 మి.మీ. పైనే ఆపేయాలి. తెల్ల కణాలు వచ్చాయంటే వాటి ఎంజైములు గ్రోత్ ఫ్యాక్టర్లని తినేస్తాయి.
3. రెండో తిప్పుడు 1,500 జీ, మాకు 3,860 ఆర్‌పీఎం, 10 నిమిషాలు.
4. అడుగున మిగిలిన దాన్ని 2 మి.లీ. ప్లాస్మాలో కలపాలి.

తొమ్మిదో నమూనాకి 11.6 లక్షలు వచ్చింది. అంటే 232 కోట్లు, నూటికి 54.

ఇప్పటిదాకా: నమూనాలు 9, పనికొచ్చినవి 4, ప్లేట్లు 0, ఖర్చు సుమారు రూ. 38,000.

దశ 3: ప్లేటులో జెల్లీ (వారం 6)

ప్లేట్‌లెట్ల లోపలి గ్రోత్ ఫ్యాక్టర్లు బయటికి రావాలంటే వాటిని పగలగొట్టాలి. మైనస్ 80లో గడ్డకట్టించి 37 డిగ్రీల్లో కరిగించడం, మూడుసార్లు. తర్వాత గట్టిగా తిప్పి తుక్కు తీసేస్తే మిగిలేది లైసేట్. ఇంతవరకు ఇబ్బంది లేదు.

దాన్ని 5 శాతం చొప్పున కణాల ద్రవంలో కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టి వెళ్లాం. పొద్దున ప్లేటుని వంచి చూస్తే ద్రవం కదల్లేదు. పెరుగు తోడుకున్నట్టు 24 గుంటలూ తోడుకున్నాయి. సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. కణాల ద్రవంలో బోలెడు కాల్షియం ఉంది. కాల్షియం తిరిగి అందగానే ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ గడ్డకట్టే దారాలుగా, అంటే ఫైబ్రిన్‌గా మారిపోయింది. శరీరం చేసే పనే చేసింది.

మార్పు: లైసేట్ కలిపే ముందే ద్రవంలో మి.లీ.కి 2 యూనిట్ల హెపారిన్ (గడ్డకట్టనివ్వని మందు). ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. హెపారిన్ కొన్ని గ్రోత్ ఫ్యాక్టర్లకి నేరుగా అతుక్కుంటుంది, వాటి పనిని మారుస్తుంది. కాబట్టి లైసేట్ వేయని గుంటల్లో కూడా అంతే హెపారిన్ వేయాలి. ఇది మరిస్తే కనిపించిన తేడా లైసేట్‌దో హెపారిన్‌దో ఎప్పటికీ తేలదు.

ఇప్పటిదాకా: ప్లేట్లు 3, మూడూ చెత్తబుట్టకి.

దశ 4: ఎలైజా (వారం 7–8)

ఎలైజా అంటే ఒక ప్రొటీన్ ఎంతుందో యాంటీబాడీలతో కొలిచే పరీక్ష. ప్లేట్‌లెట్ల గ్రోత్ ఫ్యాక్టర్లలో ఒకటైన పీడీజీఎఫ్-బీబీ ఒక్కటే కొలిచాం, డబ్బులు అంతకే ఉన్నాయి. పలచన చేయకుండా పెడితే రీడింగు స్టాండర్డు గీత దాటిపోయింది. 20 రెట్లు పలచన చేశాక 940 పికోగ్రాములు చూపించింది. అంటే అసలు నమూనాలో మి.లీ.కి 18.8 నానోగ్రాములు. ఆరుగురి లైసేట్లలో తక్కువ 9, ఎక్కువ 24. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉంటే "5 శాతం లైసేట్" అన్న మాటకి అర్థం లేదు. అందుకే అప్పటినుంచి నోట్‌బుక్‌లో శాతంతో పాటు పీడీజీఎఫ్ ఎంత పడిందో కూడా రాస్తున్నాం.

ఇప్పటిదాకా: నమూనాలు 11, పనికొచ్చినవి 6, ఖర్చు సుమారు రూ. 1,12,000.

దశ 5: బాటిల్ మీది అంకె (వారం 8–12)

ఈ దశ కోసమే ఈ డైరీ మొత్తం రాస్తున్నాను.

ఫైబ్రోబ్లాస్ట్‌లు, అంటే గాయాన్ని పూడ్చే చర్మ కణాలు. ఒక వరస మామూలు ద్రవంలో, ఇంకో వరస షుగర్ ఎక్కువ కలిపిన ద్రవంలో. కణాల పొర మీద గాయంలా గీత గీయడం, 24 గంటల తర్వాత అది ఎంత మూసుకుందో చూడడం. పదకొండు ప్లేట్లు చేశాం. రెండు వరసలకీ తేడా లేదు. లైసేట్ వేసినా తేడా లేదు. షుగర్ కణాలకి ఏమీ చేయదని, గ్రోత్ ఫ్యాక్టర్లు పనికిరావని రాసుకునే దాకా వచ్చాను. ఆ నెల నిద్ర సరిగా లేదు.

పన్నెండో వారం ఒక సాయంత్రం పీహెచ్‌డీ అమ్మాయి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి, "మేడమ్, మన కంట్రోల్ బాటిల్ మీద 4.5 గ్రాములు అని ఉంది, చూశారా?" అంది. కంట్రోల్ అంటే పోల్చి చూడడానికి పెట్టిన మామూలు వరస.

ఆ లేబుల్‌ని నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. డీఎంఈఎం, అంటే మేం కణాల్ని పెంచే ద్రవం, రెండు రకాలుగా వస్తుంది: లీటరుకి 1 గ్రాము గ్లూకోజ్, లీటరుకి 4.5 గ్రాములు. చాలా ల్యాబుల్లో రోజూ వాడేది రెండోదే, కణాలు అందులో చురుగ్గా పెరుగుతాయని. 4.5 గ్రాములంటే 25 మిల్లీమోలార్. మనకి అలవాటైన లెక్కలోకి మార్చాలంటే 18తో గుణించాలి. డెసిలీటరుకి 450 మిల్లీగ్రాములు! మా "ఆరోగ్యంగా ఉన్న" కంట్రోల్ కణాలు పుట్టినప్పటినుంచీ 450 షుగర్‌లో బతుకుతున్నాయి. దానికి పక్కన మేం పెట్టిన "షుగర్ పేషెంట్" ద్రవం 540. రెండూ రోగి వరసలే. తేడా ఎక్కడినుంచి వస్తుంది?

అదే రాత్రి ద్రవంలోని మిగతా వస్తువుల్నీ ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. 10 శాతం దూడ సీరం దగ్గర ఆగాను. సీరం అంటే గడ్డకట్టిన రక్తం నుంచి తీసినది. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ గ్రోత్ ఫ్యాక్టర్లని అందులోకి వదిలేస్తాయి. 1974లో రసెల్ రాస్ బృందం పట్టుకున్నది ఇదే. గడ్డకట్టిన రక్తపు సీరంలో రక్తనాళాల కండర కణాలు పెరిగాయి, ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మాతో చేసిన సీరంలో పెరగలేదు. పీడీజీఎఫ్ కథ మొదలైంది అక్కడినుంచే. చదివే రోజుల్లో పరీక్షలో రాశాను ఈ సంగతి. అయినా "గ్రోత్ ఫ్యాక్టర్ వేయని" గుంటల్లో పదో వంతు సీరం పోస్తూ వచ్చాను. నిండు కుండలో ఇంకో చెంబు పోసి నీటిమట్టం పెరగలేదని అనుకున్నట్టు.

మార్చినవి, కారణాలతో:

1. అన్ని వరసలకీ లీటరుకి 1 గ్రాము ద్రవమే పునాది. 5.5 మిల్లీమోలార్, అంటే 99 షుగర్. కణాల్ని రెండు వారాలు అందులో అలవాటు చేశాకే ప్రయోగం.
2. షుగర్ వరసకి 100 మి.లీ.లో 0.441 గ్రాముల గ్లూకోజ్ అదనంగా కలిపి 30 మిల్లీమోలార్ చేశాం. అందులో ఏడు రోజులు ఉంచాం.
3. మూడో వరస మానిటాల్, 100 మి.లీ.కి 0.446 గ్రాములు. ద్రవంలో కరిగిన పదార్థం ఎక్కువైతే చాలు, కణాల్లోంచి నీరు బయటికి పోతుంది. దెబ్బ దానివల్లా, గ్లూకోజ్ వల్లా అన్నది మానిటాల్ వరస చెబుతుంది. కణాలు దాన్ని తినలేవు.
4. గీత గీసే ముందు 16 గంటలు, ఆ తర్వాత 24 గంటలు సీరం 0.5 శాతమే.

ఇప్పటిదాకా: ప్లేట్లు 14, పనికొచ్చినవి 0, ఖర్చు సుమారు రూ. 1,86,000.

దశ 6: గీత గీయడం (వారం 13–14)

200 మైక్రోలీటర్ల టిప్పుతో కణాల పొర మీద ఒక గీత. చూడ్డానికి సులువు. మొదటి ప్లేటులో గీతల వెడల్పు 612 మైక్రాన్ల నుంచి 1,090 దాకా ఉంది. టిప్పుని ఏటవాలుగా పట్టుకుంటే గీత సన్నబడుతుంది, ఆగి ఆగి లాగితే అంచులు చిరిగిన గుడ్డలా వస్తాయి. వెడల్పు గీత శాతంలో ఎప్పుడూ ఆలస్యంగానే మూసుకున్నట్టు కనిపిస్తుంది.

టెక్నీషియన్ అన్న పాత ప్లేటు మూతకి రెండు ప్లాస్టిక్ పట్టీలు అతికించి గాడి చేశాడు. టిప్పు నిటారుగా దాని వెంట జారుతుంది. అన్ని గీతలూ ఆయనే గీస్తాడు. గుంట అడుగున బయటివైపు మార్కర్‌తో అడ్డగీత ఉంటుంది, 0, 12, 24 గంటల ఫొటోలు సరిగ్గా ఆ కూడలి దగ్గరే. గీత వెడల్పు 700–850 మైక్రాన్ల మధ్య లేని గుంటల్ని ఫలితం చూడకముందే కొట్టేస్తాం. ఫొటోల పేర్లని అమ్మాయి మార్చేస్తుంది. ఏది ఏ వరసో తెలియకుండా నేను ఇమేజ్‌జే అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ వైశాల్యం కొలుస్తాను. నేను కోరుకుంటున్న ఫలితం ఏదో నాకు తెలుసు కాబట్టి ఈ ఏర్పాటు తప్పనిసరి.

సికింద్రాబాద్ బోనాల ఆదివారం. ల్యాబ్‌లో ఎవరూ లేరు. సోమవారం వచ్చి తలుపు తీస్తే నాలుగు ప్లేట్లలో నారింజ ఎరుపులో ఉండాల్సిన ద్రవం గులాబీ, వంగపండు రంగుల మధ్య ఉంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఖాళీ. ఆ వాయువు అందకపోతే ద్రవం క్షారమవుతుంది, అందులోని రంగు చెప్పేస్తుంది. నాలుగూ పోయాయి. ఇప్పుడు శనివారం సాయంత్రం సిలిండర్ రీడింగు రాసి సంతకం పెట్టనిదే ఎవరూ ఇంటికి వెళ్లరు.

ఇప్పటిదాకా: ప్లేట్లు 24, పనికొచ్చినవి 2.

దశ 7: మొదటి నమ్మదగ్గ అంకెలు (వారం 15–18)

తొమ్మిది ప్లేట్లు, ముగ్గురి లైసేట్లు. 24 గంటల్లో గీత మూసుకున్న శాతం, సగటున:

మామూలు షుగర్: 71
మానిటాల్: 67
ఎక్కువ షుగర్, హెపారిన్ మాత్రమే: 44
ఎక్కువ షుగర్, 2.5 శాతం లైసేట్: 57
ఎక్కువ షుగర్, 5 శాతం లైసేట్: 66
ఎక్కువ షుగర్, 10 శాతం లైసేట్: 58

10 శాతం దగ్గర ఎందుకు పడిపోయిందో ఇంకా చూడాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలన్న లెక్క ఇక్కడ నడవలేదు. అది మాత్రం మూడు నమూనాల్లోనూ కనిపించింది.

గీత మూసుకోవడానికి రెండు దారులు: కణాలు నడిచి రావడం, లేదా విభజన జరిగి సంఖ్య పెరగడం. మైటోమైసిన్-సీ రెండు గంటలు ఇచ్చి విభజన ఆపేశాక కూడా లైసేట్ 38ని 55 చేసింది. అంటే ఎక్కువ భాగం నడకే. ఇక పీడీజీఎఫ్‌ని పట్టేసే యాంటీబాడీ వేస్తే 66 కాస్తా 57కి దిగింది, 44 దాకా దిగలేదు. లైసేట్‌లో టీజీఎఫ్-బీటా, ఈజీఎఫ్, వీఈజీఎఫ్ లాంటి వేరే గ్రోత్ ఫ్యాక్టర్లూ ఉన్నాయి, పని ఒక్కదానిది కాదు.

ఈ అంకెలు చూసి మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, "ఇది ముందే కాలికి రాసుకుంటే పుండే రాదు కదమ్మా?" అన్నాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తాను. పీడీజీఎఫ్-బీబీ జెల్‌ని అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ షుగర్ కాలి పుండుకి 1997లో అనుమతించింది. 2008లో క్యాన్సర్ మరణాల గురించి దాని మీద పెట్టె గీసి హెచ్చరిక వేయించింది, తర్వాతి సమాచారం చూసి 2018లో ఆ పెట్టె తీసేసింది. అనుమానానికి పునాది ఉంది. 1983లోనే కోతి వైరస్‌లోని ఒక క్యాన్సర్ జీన్, పీడీజీఎఫ్ జీన్ దాదాపు ఒకటేనని తేలింది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసే ఈజీఎఫ్ జెల్ కూడా డాక్టరు చూసి రాసే మందే. పెరగమని చెప్పే పదార్థాన్ని పుండు లేని కాలికి నెలల తరబడి పూయమని నేను ఎవరికీ చెప్పను.

ఇప్పటిదాకా: ప్లేట్లు 33, పనికొచ్చినవి 11.

దశ 8: షుగర్ తగ్గిస్తే? (వారం 19–22)

ఆ ఫోన్ తర్వాతే ఈ వరస వేశాం. మొదటి ప్లానులో లేదు. ఏడు రోజులు 30 మిల్లీమోలార్‌లో ఉంచిన కణాల్ని మళ్లీ 5.5కి తెచ్చి ఇంకో ఏడు రోజులు ఉంచాం. లైసేట్ ఏమీ వేయలేదు. గీత 62 శాతం మూసుకుంది. 44 నుంచి 62! రూ. లక్ష పైన పెట్టి తీసిన లైసేట్ ఇచ్చింది 66. షుగర్ తగ్గించి, లైసేట్ కూడా వేస్తే 70. మామూలు కణాల 71కి దాదాపు సమానం.

అయితే 62 దగ్గరే ఎందుకు ఆగింది, పూర్తిగా 71 ఎందుకు రాలేదు? పాత షుగర్ ముద్ర కణాల్లో ఇంకా ఉన్నట్టే. ఆ మిగిలిన తొమ్మిదిలోనే గ్రోత్ ఫ్యాక్టర్లకి నివారణలో చోటు ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. నాలుగు ప్లేట్ల మాట ఇది. పన్నెండు అయ్యాక కూడా నిలబడితే అప్పుడు గట్టిగా చెబుతాను.

మొత్తం: నమూనాలు 14, పనికొచ్చినవి 9. ప్లేట్లు 37, పనికొచ్చినవి 15. ఖర్చు సుమారు రూ. 3,40,000.

ఇప్పటిదాకా రక్తం ఇచ్చినవాళ్లంతా షుగర్ లేనివాళ్లు. అసలు అవసరం ఉన్నవాళ్ల ప్లేట్‌లెట్లలో పీడీజీఎఫ్ ఎంత ఉంటుంది, వాళ్ల లైసేట్ వాళ్ల కణాలకి ఇలాగే పనిచేస్తుందా అన్నది తర్వాతి వరస. దానికి ఎథిక్స్ కమిటీ సవరణ పోయిన వారం వచ్చింది. మొదటి నమూనా గురువారం పొద్దున 8 గంటలకి, కోఠి నుంచి. నీళ్ల సీసాలు బుధవారం రాత్రే ఏసీ గదిలో పెట్టాలి.